నంబరు కాదు, పేరు: సిమోనీ మైకేల్ అడిగిన మాట
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 వస్తే మనం కొమురం భీంను తలుచుకుంటాం, బిర్సా ముండాను తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. ఈసారి సంఘం వాళ్లు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, మనలాగే అడవినీ నేలనీ నమ్ముకుని బతికిన ఇంకో జాతి మనిషి గురించి చెబుదామని అనుకున్నాం. ఆయన తుపాకీ పట్టలేదు, జైలుకూ పోలేదు. చట్టసభలో నిలబడి ఒక్క చిన్న మాట అడిగాడు. ఆ మాట వేల మంది బతుకుల్ని తాకింది. ఆయన పేరు సిమోనీ మైకేల్. కెనడా దేశంలో ఓట్లతో గెలిచి చట్టసభలోకి అడుగుపెట్టిన మొదటి ఇన్యూట్ మనిషి.

ఆయన సంగతికి ముందు మా సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పుకోవడానికి మాకు కొంచెం సిగ్గే.

హాస్టల్‌లో ప్రతి పిల్లకీ ఒక నంబరు ఉంటుంది. కంచం మీద అదే నంబరు, గ్లాసు మీద అదే, ట్రంకు పెట్టె మీద అదే, దుప్పటి అంచు మీద కూడా అదే. వంద మందికి పైగా పిల్లలున్నచోట ఎవరి కంచం ఎవరిదో తెలియాలంటే అలా రాయక తప్పదు. కొన్నేళ్ల క్రితం మూడో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప ఉండేది. కోయ తప్ప ఇంకో భాష రాదు. ఆర్నెల్లు గడిచాక ఒక పెద్దాయన హాస్టల్ చూడ్డానికి వచ్చి, ఆ పాపను దగ్గరకు పిలిచి "నీ పేరేంటమ్మా?" అని అడిగాడు. పాప నిటారుగా నిలబడి "నలభై రెండు, సార్" అంది.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. రాత్రి పిల్లలు పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. ఆర్నెల్లుగా ఆ పాపను మేం ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచామా అని లెక్క వేసుకుంటే, వేళ్ల మీద లెక్కకు కూడా రాలేదు. "నలభై రెండు, కంచం తెచ్చుకో." "నలభై రెండు, మందు వేసుకున్నావా?" ప్రేమతోనే పిలిచాం. కానీ పిలిచింది నంబరునే.

అలాంటి రోజుల్లోనే ఇన్యూట్ల బిళ్లల సంగతి మాకు తెలిసింది.

ఇన్యూట్లు భూమికి ఉత్తరపు కొసన ఉంటారు. కెనడా ఉత్తర భాగం, గ్రీన్‌లాండ్, అలాస్కా వాళ్ల నేల. చెట్టు మొలవని చోటు. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం కూడా గడ్డకట్టి ఉంటుంది. సీల్‌ను, తిమింగలాన్ని, కారిబూ అనే జింకను వేటాడి, చేపలు పట్టి వేల ఏళ్లు బతికారు. బయటివాళ్లు వాళ్లను ఎస్కిమోలు అన్నారు. మన పాత పాఠ్యపుస్తకాల్లోనూ అదే ఉండేది. వాళ్లు మాత్రం తమను తాము ఇన్యూట్ అనుకుంటారు. ఆ మాటకు అర్థం మనుషులు అని. ఒక్కరైతే ఇనుక్. మన కోయవాళ్లం మనల్ని మనం కోయితూర్ అనుకుంటాం. అక్కడా ఆ మాటకు మనుషులమనే అర్థం. ఇంత దూరంలో ఉన్న రెండు జాతులు తమకు తాము ఒకే అర్థమున్న పేరు పెట్టుకున్నాయి చూడండి.

వాళ్లలో పేరు అంటే ఉత్త పిలుపు కాదు. ఊళ్లో పెద్దమనిషి ఒకరు పోతే, తర్వాత పుట్టిన బిడ్డకు ఆ పేరు పెడతారు. ఆ పేరుతో పాటు పోయినవాళ్ల బంధుత్వం కూడా బిడ్డకు వస్తుంది. ఒకామె తండ్రి పేరు మనవరాలికి పెట్టారనుకోండి, ఆ అమ్మమ్మ మనవరాల్ని "నాన్నా" అని పిలుస్తుంది. ఆడ పేరు, మగ పేరు అనే తేడా కూడా లేదు. ఇక మనలాగా ఇంటిపేరు వాళ్లకు లేనే లేదు. ఎవరి పేరు వాళ్లదే. ఎవరి పేరు ఎవరి నుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు. దానికి కాగితంతో పనేముంది?

పని ప్రభుత్వానికి వచ్చింది. పోలీసులు, వ్యాపార కంపెనీల గుమస్తాలు, మిషనరీలు, వైద్యులు వచ్చారు. వాళ్లకు ఆ పేర్లు నోరు తిరగలేదు. ఒకే మనిషి పేరును ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసుకున్నారు. చర్చిలో బైబిలు పేర్లు పెట్టారు. ఆ పేర్లు ఇన్యూట్ల నోట్లో మళ్లీ కొత్త రూపం తీసుకున్నాయి. సైమన్ అనే పేరే వాళ్ల నోట సిమోనీ అయింది. తండ్రి పేరు ఒకటి, కొడుకు పేరు ఇంకొకటి, కలిపే ఇంటిపేరు లేదు. ఎవరు ఎవరో లెక్క తేలడం లేదన్నారు అధికారులు.

దానికి 1941 నుంచి అమలుచేసిన ఉపాయం బిళ్లలు. రూపాయి బిళ్లకు కాస్త అటూ ఇటూ ఉండే గుండ్రటి బిళ్ల. ఒకవైపు కిరీటం గుర్తు, దేశం పేరు. రెండోవైపు నంబరు. తాడు దూర్చుకోవడానికి ఒక బెజ్జం. మెడలో వేసుకోవాలి, లేదా బట్టలకు కుట్టుకోవాలి. నంబరు ముందు ఒక అక్షరం ఉండేది. తూర్పు ప్రాంతం వాళ్లకు ఇ, పడమటి వాళ్లకు డబ్ల్యూ. తర్వాత ప్రాంతం అంకె, ఆ తర్వాత మనిషి అంకె. సిమోనీ మైకేల్ నంబరు ఇ7-551.

ఆసుపత్రికి పోతే ఆ నంబరు. పిల్లల భత్యం తీసుకోవాలంటే ఆ నంబరు. బడి రిజిస్టర్‌లో ఆ నంబరు. ఉత్తరం మీద ఆ నంబరు. దేశంలో మిగతా జనానికెవరికీ ఇలా మెడలో బిళ్లలు లేవు. చాలామంది దాన్ని కుక్క మెడలో కట్టే బిళ్లతో పోల్చుకుని కుమిలిపోయారు. కొందరు, ముఖ్యంగా కొందరు పెద్దవాళ్లు, దాన్ని మామూలుగానే తీసుకున్నారు. ఆ నంబరుకు డబ్బు వస్తోంది, వైద్యం వస్తోంది కదా అనుకున్నారు. రెండూ నిజమే. మన నలభై రెండో నంబరు పాప కూడా బాధపడలేదు. అదే తన పేరనుకుంది. అసలు భయం అక్కడే ఉంది.

ఇక సిమోనీ మైకేల్ సంగతి. ఆయన 1933లో పుట్టారు. పెద్ద చదువులేవీ లేవు. వడ్రంగం పని తెలుసు, చిన్న వ్యాపారం చేసుకున్నారు. ఇనుక్టిటుట్ భాష, ఇంగ్లీషు రెండూ వచ్చిన కొద్దిమందిలో ఒకరు కాబట్టి దుబాసీగా పనిచేశారు. దుబాసీ పని ఎంత విలువైనదో మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ చెప్పింది ముసలమ్మకు, ముసలమ్మ చెప్పింది డాక్టరమ్మకు అర్థమయ్యేలా చెప్పే పిల్లవాడు ఊరికి ఎంత అవసరమో మీకందరికీ తెలుసు. రెండు వైపుల మాటా విన్నవాడికి అన్యాయం ఎక్కడ జరుగుతుందో ముందుగా తెలుస్తుంది.

అప్పట్లో వాళ్ల ప్రాంతమంతా వాయవ్య భూభాగాలు అనే పెద్ద పాలనా ప్రాంతంలో ఉండేది. దానికి ఒక కౌన్సిల్ ఉండేది. చాలాకాలం దాని సభ్యులందరూ రాజధాని ఒట్టావాలో కూర్చున్న ప్రభుత్వ ఉద్యోగులే. 1951లో కొన్ని సీట్లకు ఎన్నికలు పెట్టారు, అవీ పడమటి వైపే. తూర్పున ఉన్న ఇన్యూట్లకు సీటు లేదు. దేశ పార్లమెంటు ఎన్నికల్లో 1934లో ఇన్యూట్లకు ఓటు లేకుండా చేశారు. 1950లో తిరిగి ఇచ్చారు. కాగితం మీద ఓటు వచ్చింది కానీ తూర్పు ఆర్కిటిక్ ఊళ్లకు బ్యాలెట్ పెట్టెలు చేరడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. హక్కు రావడం వేరు, పెట్టె రావడం వేరు. కొండ మీది గూడేల నుంచి నడిచి వచ్చి ఓటు వేసే మన పెద్దలకు ఈ తేడా తెలుసు.

1965లో ఏబ్ ఓక్పిక్ అనే ఇనుక్‌ను ఆ కౌన్సిల్‌కు నామినేట్ చేశారు. మరుసటి ఏడాది 1966లో తూర్పు ఆర్కిటిక్‌కు ఎన్నిక పెట్టారు. ఆ ఎన్నికలో జనం ఓటేసి గెలిపించిన మనిషి సిమోనీ మైకేల్.

ఆయన సభలో ఇళ్ల గురించి మాట్లాడారు, వైద్యం గురించి మాట్లాడారు, భాష గురించి మాట్లాడారు. ఈ మూడూ ముఖ్యమైనవే. కానీ చరిత్రలో నిలిచింది ఇంకో మాట. సభలో నిలబడి, ఇకమీదట తనను ఇ7-551 అనే నంబరుతో గుర్తించడం తనకు ఇష్టం లేదని చెప్పారు.

ఒక్కసారి ఆ సభను ఊహించుకోండి. జనం ఓటేసి పంపిన ప్రతినిధి. చట్టాల మీద చెయ్యెత్తే మనిషి. అదే ప్రభుత్వపు రిజిస్టర్‌లో మాత్రం ఆయన ఒక అక్షరం, నాలుగు అంకెలు. ఆ మాట బయట ఎవరన్నా అంటే గొణుగుడు అనేవాళ్లు. సభలో అన్నందువల్ల అది రికార్డులోకి ఎక్కింది, జవాబు చెప్పాల్సిన ప్రశ్న అయింది. ప్రతినిధిని పంపడం వల్ల లాభమేంటని మీలో కొందరు అడుగుతుంటారు. లాభం ఇదే. మన ఇంట్లో అనుకునే మాట, జవాబు చెప్పక తప్పని చోట వినబడుతుంది.

ఆ తర్వాత బిళ్లలు తీసేసి పేర్లు నమోదు చేసే పని మొదలైంది. ఆ బాధ్యత ఏబ్ ఓక్పిక్‌కు అప్పగించారు. 1968 నుంచి 1971 వరకు ఆయన మంచులో, విమానాల్లో, కుక్కల బండ్ల దారుల్లో ఊరూరూ తిరిగి, ఇళ్లకు పోయి, మీ ఇంటిపేరు ఏం పెట్టుకుంటారని అడిగి రాయించారు. ఆయన మెడలోనూ ఒకప్పుడు బిళ్ల ఉన్నదే. తమ మనిషి, తమ భాష వచ్చిన మనిషి వచ్చి అడిగాడు కాబట్టి జనం తలుపులు తీశారు.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అవుతుంది. కానీ మీరు చదువుకున్న పిల్లలు. మొత్తం చెప్పాలి.

ఆ పనిలోనూ తప్పులు జరిగాయి. ఇంటిపేరు అనేదే వాళ్ల పద్ధతి కాదు. భర్త పేరో తండ్రి పేరో అందరికీ వర్తించేసరికి, ఎవరి పేరు వాళ్లదే అనే పాత గౌరవం కొంత పోయింది. చాలా ఇళ్లల్లో మగవాళ్లను అడిగి రాసుకున్నారు. దూరాన బళ్లలో చదువుకుంటున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి చూస్తే, అడగకుండానే కొత్త ఇంటిపేరు వచ్చి ఉంది. స్పెల్లింగులు తప్పులు పడ్డాయి. అన్నదమ్ములకు వేర్వేరు ఇంటిపేర్లు పడిన ఇళ్లూ ఉన్నాయి. తర్వాతి కాలంలో చాలామంది తమ పేరు సరైన పలుకుబడితో తిరిగి రాయించుకున్నారు. ఆ ప్రాంతానికి కమిషనర్‌గా పనిచేసిన పీటర్ ఇర్నిక్ గారి పేరు మొదట ఎర్నెర్క్ అని ఉండేది. ఆయన దాన్ని సరిచేయించుకున్నారు. లూసీ ఇడ్లౌట్ అనే గాయని తన ఆల్బమ్‌కు తల్లి బిళ్ల నంబరునే పేరుగా పెట్టింది. బిళ్ల పోయినా దాని గుర్తు కూతుళ్ల దాకా వచ్చిందన్నమాట.

అందుకని సిమోనీ మైకేల్ చేసింది చిన్నదైపోతుందా? కాదు. ఆయన తలుపు తెరిచారు. తలుపు తెరిచినంత మాత్రాన ఇల్లు ఊడ్చినట్టు కాదు. ఆ ఊడ్చే పని వెనకాల వచ్చినవాళ్లది.

వెనకాల వచ్చినవాళ్లు ఊరుకోలేదు. సిమోనీ 1970 వరకు, ఒక్క విడత మాత్రమే సభలో ఉన్నారు. కానీ ఆ సీటు ఖాళీగా పోలేదు, ఆ ఆలోచనా ఆగలేదు. 1975 నాటికి కౌన్సిల్ మొత్తం ఎన్నికైన సభ్యులతో నిండింది. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలే. ఇన్యూట్లు తమ నేల తమకు కావాలని ఏళ్ల తరబడి చర్చలు జరిపి, 1993లో ఒప్పందం మీద సంతకాలు చేయించుకున్నారు. 1999 ఏప్రిల్ 1న నూనావుట్ అనే కొత్త ప్రాంతం పుట్టింది. ఆ మాటకు అర్థం మన నేల అని. దాని విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో సగానికి మించి. జనాభా 2021 లెక్కల్లో 37 వేల లోపు, మన దగ్గర ఒక మండలమంత. ఊళ్లు 25. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్లు లేవు. అంత తక్కువమంది కూడా తమ సభను తాము నడుపుకుంటున్నారు. ఆ సభలో పార్టీలు లేవు. గెలిచిన సభ్యులే తమలో నుంచి ముఖ్యమంత్రినీ మంత్రుల్నీ ఎన్నుకుంటారు. మొదటి ముఖ్యమంత్రి పాల్ ఒకాలిక్ ఆ పదవిలోకి వచ్చేనాటికి వయసు 34. మీలో కొందరి వయసుకు ఇంకో పదేళ్లు కలిపితే చాలు. సభలో ఇనుక్టిటుట్‌లో మాట్లాడతారు. రాజధాని ఊరి పేరు కూడా మారింది. ఒక ఇంగ్లీషు నావికుడి పేరు మీద ఫ్రోబిషర్ బే అని పిలిచేవాళ్లు. 1987లో ఇకాలుయిట్ అని తమ పేరు తిరిగి పెట్టుకున్నారు. చేపలున్న చోటు అని అర్థం.

సిమోనీ మైకేల్ 2008లో కన్నుమూశారు. నూనావుట్ పుట్టడం ఆయన కళ్లారా చూశారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన మెడలో బిళ్లలు లేవు. ఇంటిపేర్లు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. మడకం, సోడె, కుంజా, తెల్లం, పూనెం, కారం అంటే చాలు, ఏ గట్టువాళ్లో, ఎవరు అన్నదమ్ములో, ఎవరింట్లో పిల్లనివ్వొచ్చో పెద్దలు చెప్పేస్తారు. కానీ ఆ పేర్లు కాగితం మీద ఎలా ఉన్నాయో చూశారా?

బడిలో చేర్చేటప్పుడు తండ్రికి చదువు రాదు. మాకు తొందర. ఇంట్లో సోమి అని పిలిచే పిల్ల రిజిస్టర్‌లో సౌమ్య అవుతుంది. లచ్చి లక్ష్మి అవుతుంది. "ఈ పేరేంటి బాలేదు, మంచి పేరు రాద్దాం" అని మార్చేసినవాళ్లున్నారు. వేరే ఎవరో కాదు, మాలాంటి వార్డెన్లూ టీచర్లే. మంచి మనసుతోనే రాశాం. సోమవారం పుట్టిందని నాయనమ్మ పెట్టిన పేరు బాలేదని చెప్పడానికి మేమెవరం? ఆ మాట అప్పుడు మాకు తోచలేదు.

ఇక ఇంటిపేరు. ఆధార్‌లో మడకం, పదో తరగతి మెమోలో మడ్కం, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంకోలా. మా హాస్టల్ పిల్ల ఒకామెకు డిగ్రీ తర్వాత మంచి సీటు వచ్చింది. కాగితాల్లో పేర్లు కలవలేదని ఒక ఆఫీసులో ఆపేశారు. మేం కూడా వెంట తిరిగాం. అఫిడవిట్ తెమ్మన్నారు, తెచ్చాం. పాత రిజిస్టర్ నకలు తెమ్మన్నారు, ఆ నకలు మా హాస్టల్‌దే. తెరిచి చూస్తే తప్పు రాసింది మా చేతి రాతే. గడువు చివరి రోజు సాయంత్రానికి పని అయింది కాబట్టి సరిపోయింది. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఆ పిల్ల ఏడాది పోయేది, మా ఒక్క అక్షరం వల్ల. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత మా హాస్టల్‌లో రెండు పనులు మొదలుపెట్టాం. కంచాల మీద నంబరు పక్కన పేరు కూడా రాస్తున్నాం. పెయింటు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. కొత్తగా చేరే పిల్ల పేరు రాసే ముందు, ఇంట్లో ఏమని పిలుస్తారో తల్లినే అడిగి, మేం రాసింది గట్టిగా చదివి వినిపించి, ఆమె అవునన్నాకే రిజిస్టర్‌లోకి ఎక్కిస్తున్నాం.

మీరు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఇవాళ ఇంటికి పోయాక మీ కాగితాలన్నీ ఒకచోట పరిచి, పేరు, ఇంటిపేరు, పుట్టినరోజు అన్నింట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మీ తమ్ముడో చెల్లెలో పదో తరగతిలో ఉంటే, పరీక్షలకు ముందు బడి నుంచి పేర్ల జాబితా పంపుతారు. అది పంపకముందే వెళ్లి అక్షరం అక్షరం చూసుకోండి. అప్పుడైతే పెన్నుతో అయిపోతుంది. తర్వాతైతే ఆఫీసుల చుట్టూ చెప్పులు అరుగుతాయి. ఊళ్లో చదువురాని వాళ్ల కాగితాలు కూడా మీరే చూసిపెట్టండి. ఏబ్ ఓక్పిక్ మంచులో మూడేళ్లు తిరిగాడు. మనం మన గూడెంలో మూడు ఆదివారాలు తిరిగితే చాలు.

ఇంకోటి. కాలేజీలో ఎవరో నవ్వారని ఇంటిపేరు దాచుకోకండి. ఫేస్‌బుక్‌లో ఇంటిపేరు తీసేసి సినిమా పేర్లు పెట్టుకున్న పిల్లల్ని మేం చూస్తూనే ఉన్నాం. తిట్టడం లేదు. మేం చదువుకునే రోజుల్లో మేమూ పొడి అక్షరం మాత్రమే చెప్పి తప్పించుకున్నవాళ్లమే. కానీ ఒక మనిషి తన పేరు తనకు కావాలని నిండు సభలో నిలబడి అడిగాడని తెలిశాక, ఉన్న పేరును మనమే దాచుకోవడం తప్పనిపించింది.

రేపు మీలో ఎవరో ఒకరు వార్డు మెంబరవుతారు, సర్పంచ్ అవుతారు, అసెంబ్లీకీ పోతారు. పెద్ద పెద్ద మాటలు మాట్లాడాల్సిన పని లేదు. మన ఇంట్లో రోజూ అనుకునే చిన్న మాటను అక్కడ నిలబడి అనండి. రికార్డులోకి ఎక్కించండి.

నలభై రెండో నంబరు పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ సభలోనే ఎక్కడో కూర్చుని ఉంది. పేరు ఇక్కడ చెప్పం. ఎవరన్నా అడిగితే తనే చెప్తుంది, గట్టిగా, ఇంటిపేరుతో సహా.